కాన్పు అయ్యేదాకా మూయొద్దు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కామారెడ్డిలో నా దగ్గర టైపు నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. మనుషుల మీదే కాదు, మిషన్ల మీదా అంతే. ఒకే మాట రెండుసార్లు చెప్తే నాకు పడదు. 1999 ఏప్రిల్‌లో ఆ కోపమే కొంప ముంచింది. నా కొంప మునిగినా బాగుండేది. మునగబోయింది అజ్మత్ బీ ఖాలా కొంప.

ముందు నా పనేమిటో చెప్పాలి. మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు కంప్యూటర్లు ఉండేవి. వాటిలో నడిచేది డబ్బు పెట్టి కొన్న సిస్టం కాదు. ఎక్కడెక్కడి జనమో తలా ఇంత రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చేసిన సిస్టం. దాన్ని రాసేవాళ్లు వేరు, దాని మీద నడిచే చిన్నా పెద్దా ప్రోగ్రాంలు రాసేవాళ్లు వేరు. ఎవరో రాసిన ప్రోగ్రాం ఈ సిస్టంలో ఇమడాలంటే మధ్యలో ఒకరు దర్జీ పని చేయాలి. కొలతలు చూసి, అవసరమైన చోట కత్తిరించి, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో రాసి మూట కట్టాలి. ఆ మూటనే ప్యాకేజీ అంటారు. కట్టేవాళ్లకు జీతం లేదు, మూట మీద పేరు మాత్రం ఉంటుంది. 'నేమ్‌బుక్' అనే ప్రోగ్రాం మూట మీద నా పేరు ఉండేది. కుల్సుం, కామారెడ్డి.

పేర్లూ తేదీలూ వరుసగా రాసిపెట్టుకునే ప్రోగ్రాం అది. అంతకుముందు దాన్ని చూసుకునే ఆయన వదిలేసి పోయాడు. జాబితాలో దాని పక్కన 'ఎవరూ లేరు' అని ఉండడం చూసి నాకు ఒళ్లు మండింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఒక మెయిలు రాశాను. సరే, ఇకనుంచి నీదే అన్నారు. ఎవరు నువ్వు, ఏం చదివావు అని ఒక్కరూ అడగలేదు. అంత నమ్మకం మా ఇంట్లోవాళ్లు కూడా నా మీద ఎప్పుడూ పెట్టలేదు.

ఆ ప్రోగ్రాం మీద నాకంత పట్టుదల ఎందుకంటే, అజ్మత్ బీ ఖాలా కోసం. నేను ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే ఆమె ఎల్లారెడ్డిలో మంత్రసాని. నలభై ఏళ్లలో చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్లు మూడు వేల నాలుగు వందల పైచిలుకు. ఆమెకు చదువు రాదు. కాన్పు కాగానే ఆ ఇంట్లో చదువొచ్చినవాళ్లను కూర్చోబెట్టి తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ, వేళ రాయించుకునేది. బడిలో పేరు రాయించాలన్నా, దుబాయికి పాస్‌పోర్టు తీయాలన్నా, పుట్టిన తేదీ కోసం జనం ఆమె గుమ్మంలోకే వచ్చేవాళ్లు. చాలామందికి తాము ఎప్పుడు పుట్టామో చెప్పే కాగితం ప్రపంచంలో మరొకటి లేదు.

ఆ నోటుబుక్కులకు చెదలు పట్టాయి. నా పాత కంప్యూటరు తీసుకెళ్లి ఆమె ముందు గదిలో పెట్టాను. పక్కింటి గంగామణి ఇద్దరు పిల్లల తల్లి, నా దగ్గరే టైపు నేర్చుకుంది. రెండేళ్లు కూర్చొని పేజీ పేజీ ఎక్కించింది. ఆమె ఎక్కించేలోపు చెదలు కూడా తమ పని పూర్తి చేశాయి. ఇక పుస్తకమంటే ఆ కంప్యూటరులో ఉన్నదే.

ఆ ఏప్రిల్‌లో నేమ్‌బుక్ కొత్త వెర్షన్ వచ్చింది. నేను కొత్త మూట కట్టాను. పాత ఫోల్డరు తీసేసి కొత్తది పెట్టమని అందులో ఒక వరుస రాశాను. నా మిషన్ మీద పరీక్షిస్తే, 'ఫోల్డరు ఖాళీగా లేదు, తీయను' అంది. మళ్లీ నడిపించాను. మళ్లీ అదే మాట. దానిలో ఉన్నవి నేను ఆటకు రాసుకున్న మూడు పేర్లే. అయితే ఏమైంది, నోర్మూసుకొని తీసెయ్ అని తిట్టుకుంటూ, లోపల ఏమున్నా సరే అడగకుండా తుడిచేయమని ఆజ్ఞ మార్చేశాను. ఈసారి కిక్కురుమనలేదు. నా మాట నెగ్గిందని సంబరపడి మూటను అందరికీ వదిలాను. గంగామణి కోసం ఒక ఫ్లాపీలో ఎక్కించి, సాయంత్రం ఎల్లారెడ్డి బస్సు కండక్టరు మైసన్న చేతికిచ్చాను.

జనం తమ పేర్లూ తేదీలూ దాచుకునేది కూడా ఆ ఫోల్డరులోనే అన్న సంగతి నాకు తెలియనిదా? తెలుసు. కోపంలో తట్టలేదు.

మరునాడు పొద్దున తొమ్మిదిన్నర దాటాక, హైదరాబాద్ నెంబరుకు ఎస్టీడీ కలిపి మెయిలు తీశాను. ఏదో చలిదేశం నుంచి ఒకాయన రాశాడు. తన ఊరి బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నాలుగేళ్లుగా రోజూ కొలిచి నేమ్‌బుక్‌లో రాసుకుంటున్నాడట. నా కొత్త మూట పెట్టాక ఫోల్డరులో చూస్తే ఫైలు లేదట. కింద ఇంకా ఏదో ప్రశ్న ఉంది. నేను అక్కడిదాకా చదవలేదు. ఫైలు లేదు అన్న మాట దగ్గరే నాకు ఎల్లారెడ్డి గుర్తొచ్చింది.

మెయిలు లైను కట్ చేసి ఎల్లారెడ్డికి ఫోన్ కలిపాను. మొన్నటి గాలివానకు అక్కడి లైన్లన్నీ పడుకున్నాయి. గడియారం చూస్తే పదికి పది నిమిషాలు. గంగామణి వంట ముగించుకొని సరిగ్గా పదింటికి మిషన్ ముందు కూర్చుంటుంది. ఎల్లారెడ్డి బస్సు కామారెడ్డిలో కదిలేదీ పదింటికే. ఫోన్ పెట్టేసి, ఇన్‌స్టిట్యూట్‌కు తాళం కూడా వేయకుండా బస్టాండుకు పరుగెత్తాను.

బస్సులో కూర్చున్నాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది, అది ఇంకా నరకం. పోయిన నెల ఫ్లాపీ పెట్టడం ఒక రోజు ఆలస్యం చేసిందని గంగామణిని నేనే కడిగిపారేశాను. నేను పంపింది పంపినట్టు పెట్టాలని ఒట్టు వేయించుకున్నంత పని చేశాను. కాబట్టి ఆలస్యం చేయదు. కాపీలు తీసి పెట్టమని చెప్పానుగానీ, ఫ్లాపీలకు బూజు పడుతోందని ఆమె ఆ కాపీలను కూడా అదే ఫోల్డరులో దాచుతోంది. పోతే అన్నీ కలిసే పోతాయి.

మిగిలింది ఒకే ఒక్క ఆశ. ఈ సిస్టంలో ఫైలును తుడిచేస్తే మొదట పోయేది దాని పేరు మాత్రమే. ఏదైనా ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉంటే లోపలి సరుకు అలాగే ఉంటుంది. ప్రోగ్రాం మూసిన క్షణాన అదీ పోతుంది. కరెంటు పోయినా అంతే. ఎల్లారెడ్డిలో పన్నెండింటికి కరెంటు తీస్తే మళ్లీ మూడింటికే ఇస్తారు. బ్యాటరీ పెట్టె కొనే స్తోమత మాకెవరికీ లేదు. కానీ పుస్తకం తెరిచి పెట్టుకొని కొత్త మూట ఎవరు పెడతారు? ముందు మూసేయమని నేర్పించిందీ నేనే.

తాడ్వాయి దగ్గర ఒక పెళ్లి గుంపు ఎక్కింది. లింగంపేటలో డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. దిగి అతని చేతిలో గ్లాసు లాక్కోవాలనిపించింది. ఎల్లారెడ్డిలో దిగేసరికి పదకొండున్నర దాటింది.

ఖాలా ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల బీరువా తలుపులూ తెరిచే ఉన్నాయి, బట్టల పెట్టె మూత పైకి లేపి ఉంది. దొంగలు పడ్డారా అనుకున్నాను. గంగామణి జుట్టు ముడి వేసుకోకుండా మిషన్ పక్కన నేల మీద కూర్చొని బియ్యం ఏరుతోంది.

"కుల్సుమక్కా! నువ్వేంది, గిట్ల చెప్పకుండ వచ్చినవ్?"

"ఫ్లాపీ?"

"పది గొట్టంగనే పెట్టిన. ఈసారి మిషన్ ఒక్క మాట గూడ అనలే అక్కా. మంచిగ పెట్టుకున్నది," అంది, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

నేను మిషన్ దగ్గరికి పోయాను. "పుస్తకం ఎప్పుడు మూసినవ్?"

"మూయలే." గంగామణి కంగారు పడింది. "ముందుగాల మూయాలని నువ్వు చెప్పినవ్, యాదికున్నది. గని తెల్లారకముందే ఎంకయ్య కోడలికి నొప్పులు మొదలైనయ్. అజ్మత్ అవ్వ పోతపోత పుస్తకం తెరిపిచ్చింది. కాన్పు అయ్యేదాంక పుస్తకం మూయొద్దు, పెట్టె మూయొద్దు, నా కొప్పు గూడ ముడెయ్యొద్దు అన్నది. మూస్తే బిడ్డకు తొవ్వ దొరకదట. గందుకే రెండో తెర మీద పెట్టిన. తప్పైందా అక్కా?"

ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. "పుస్తకాన్ని ముట్టుకోకు" అని మాత్రం అనగలిగి, కుర్చీలో కూలబడ్డాను. గోడ గడియారంలో పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ.

ఆ మానిటరులోనే రెండు మీటలు నొక్కితే ఒక తెర పోయి ఇంకో తెర వస్తుంది. రెండో తెరకు పోయి ఫోల్డరు చూశాను. ఖాళీ. నలభై ఏళ్ల కాన్పులు ఉండాల్సిన చోట ఒక్క అక్షరం లేదు. ప్రోగ్రాం పట్టుకొని ఉన్న ఫైలును బయటికి తీయాలంటే నా పాస్‌వర్డ్ కొట్టాలి. తొందరలో ఒకసారి తప్పు కొట్టాను, రెండోసారీ తప్పే. తప్పు కొట్టిన ప్రతిసారీ మిషన్ కాసేపు ఆగి, తీరిగ్గా మళ్లీ అడుగుతుంది. జీవితంలో మొదటిసారి దాన్ని తిట్టకుండా ఊరుకున్నాను. మూడోసారికి రానిచ్చింది.

నేమ్‌బుక్‌కు సిస్టం ఇచ్చిన నెంబరు వెతుకుతున్నాను. ఆ నెంబరు తెలిస్తే, అది చేతిలో పట్టుకున్న ఫైలు తెలుస్తుంది. అప్పుడే వీధిలోంచి కేక వినిపించింది. ఎంకయ్య వదిన భూమక్క చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆడిపిల్ల! తల్లీ పిల్ల సల్లగున్నరు! పుస్తకంల రాసి మూయమన్నది అజ్మత్ బీ!"

గంగామణి మొహం వెలిగిపోయింది. రెండేళ్ల అలవాటు ఆమె చేతులది. నా భుజం మీదుగా వంగి, రెండు మీటలు నొక్కి మొదటి తెర తెచ్చింది. ఇంకో మీట నొక్కింది. 'మూయనా?' అని ప్రోగ్రాం అడుగుతోంది. ఒక్క అక్షరం దూరం.

"మూయకు!" అని అరుస్తూ ఆమె మణికట్టు పట్టుకొని పక్కకు తోశాను. గాజులు పగిలి ఇద్దరి చేతులూ గీసుకుపోయాయి.

"ఏం మాటలు గవి?" భూమక్క మొహం మాడిపోయింది. "పిల్ల పుట్టినంక మూయాలె గద, మూయకు అని మొత్తుకుంటవా? పచ్చి బాలింత ఉన్నది ఆడ."

వద్దు అన్న అక్షరం నొక్కి, మళ్లీ రెండో తెరకు వచ్చాను. నిజం చెప్తాను, పిల్ల పుట్టిందన్న కబురుకు ఆ గదిలో సంతోషపడనిది నేనొక్కదాన్నే. ఇంకో పావుగంట నొప్పులు పడితే ఏం పోయె అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నెంబరు దొరికింది. ఫైలు దొరికింది. దాన్ని వేరే ఫోల్డరులోకి కాపీ చేయమని ఆజ్ఞ రాసి కొట్టాను. మిషన్ ముందున్న ఎర్ర దీపం గబగబా కొట్టుకుంది, ఆగింది. కాపీ అయింది అంటోంది తెర. కానీ ఈ సిస్టం రాసినదాన్ని కాసేపు తన బుర్రలో పెట్టుకొని, తర్వాత తీరిగ్గా డిస్కులోకి దింపుతుంది. ఇప్పుడే దింపు అని ఇంకో ఆజ్ఞ ఇచ్చాను. ఎర్ర దీపం మళ్లీ వెలిగింది.

తెర నల్లబడింది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ ఆగిపోయింది. పన్నెండుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. ఆ రోజే కరెంటోళ్లకు తొందరపడాలని బుద్ధి పుట్టింది.

దింపిందో లేదో ఎవరికి తెలుసు? మళ్లీ మూడింటికి కరెంటు వస్తే గానీ తెలియదు.

కాసేపటికి ఖాలా వచ్చింది. గుమ్మంలో కాళ్లు కడుక్కొని, తెరిచి ఉన్న పెట్టె మూత తనే మూసింది. బీరువా మూసింది. గంగామణి చేతి మీద నెత్తురు చూసి నావైపు తిరిగింది. మేమిద్దరమే ఉంటే ఉర్దూలో మాట్లాడుకుంటాం. గంగామణి ఉందంటే ఖాలా తెలుగే మాట్లాడుతుంది, ఆమె ముందు చాటు మాటలు వద్దని.

"ఏమైంది చెప్పు."

అంతా చెప్పాను. మిషన్ వద్దన్నా నేను వినలేదని చెప్పాను. పుస్తకాన్ని తుడిచింది గంగామణి కాదు, నా మూటే అని చెప్పాను. బావి నీళ్లు కొలిచే ఆయన సంగతి కూడా చెప్పాను. ఖాలా తిట్టలేదు. తిడితే బాగుండేది. వెళ్లి ఆ నల్లటి తెర ముందు కూర్చుంది. నలభై ఏళ్లు ఏ అర్ధరాత్రి పిలిస్తే ఆ అర్ధరాత్రి లేచిపోయిన మనిషి, కుర్చీలో మొదటిసారి ముసలిదానిలా కనపడింది.

"గా మూట ఇంకెవలెవలు తీసుకున్నరు?" అని అడిగింది.

"తెల్వది ఖాలా. ఎంతమందో, ఏ దేశమో తెల్వది."

"వాళ్లకు చెప్పినవా, పెట్టుకోవద్దని?"

బస్సు కోసం పరుగెత్తానే తప్ప ఆ ఆలోచనే రాలేదు.

"గా బాయి ఆయన పుస్తకం తెరిచి ఉండెనా, మూసి ఉండెనా? అడిగినవా?"

అప్పుడు గుర్తొచ్చింది, ఆ మెయిలు కింద ఉన్న ప్రశ్న. నేను చదవకుండా వదిలేసిన ప్రశ్న.

"నీ కండ్ల ముంగట ఉన్నోళ్లే మనుషులా బిడ్డా?" అంది ఖాలా. గొంతు పెంచకుండానే అంది. "నువ్వీడ కూసుంటె కరెంటు జల్ది వస్తదా? ఉంటే ఉంటది, పోతే పోతది. పో. ఫోన్లు లేవు, ఒంటిగంట బస్సున్నది. పో."

మూడింటిదాకా ఉండి, పుస్తకం దక్కిందో లేదో చూసి పోతానని బతిమాలాను. ఆమె లేచి నా చెప్పులు గుమ్మం బయట పెట్టింది.

ఇన్‌స్టిట్యూట్‌కు చేరేసరికి రెండున్నర. హైదరాబాద్ లైను మూడుసార్లు తెగి నాలుగోసారి కలిసింది. ముందు, చదవకుండా వదిలేసిన మెయిలు చివరిదాకా చదివాను. 'ఫైలు ఫోల్డరులో కనిపించడం లేదు కానీ, ప్రోగ్రాం ఇంకా తెరిచే ఉంది. అందులో నా లెక్కలన్నీ కనిపిస్తున్నాయి. ఒకసారి మూసి తెరవమంటారా? మీ జవాబు వచ్చేదాకా ముట్టుకోను' అని రాశాడు.

దాని కిందనే ఆయనదే ఇంకో మెయిలు. మా పన్నెండున్నరకు రాసింది. 'మీరు పనిలో ఉన్నట్టున్నారు. ఇంతసేపు చూసి, మూసి తెరిచాను. ఇప్పుడు ఏమీ లేదు. నేనేమైనా తప్పు చేశానా?'

పన్నెండున్నరకు నేను ఎల్లారెడ్డిలో నల్లటి తెర ముందు కూర్చొని నా గురించి నేను ఏడుస్తున్నాను. మూయొద్దు అన్న ఒక్క మాట పొద్దున్నే రాసి పరుగెత్తి ఉంటే, అర నిమిషం పని. బస్సు కూడా తప్పేది కాదు.

ముందు అందరికీ ప్రకటన రాశాను. ఈ మూట పెట్టకండి. పెట్టినవాళ్లు ప్రోగ్రాం మూయకండి, మిషన్ ఆపకండి. ఫైలు బయటికి తీసే పద్ధతి ఇది. తప్పు ప్రోగ్రాం రాసినాయనది కాదు, మూట కట్టిన నాది. కింద నా పేరు, ఊరు. అరగంటలో మూటను జాబితాలోంచి తీసేశారు. సాయంత్రంలోపు ఇద్దరు రాశారు, మాది తెరిచే ఉంది, దక్కింది అని. ఆ తర్వాత బావి లెక్కల ఆయనకు రాశాను. మీరు ఏ తప్పూ చేయలేదు, నేనే మీ మెయిలు సగం చదివి వదిలేశాను అని ఉన్నదున్నట్టు రాశాను. దానికి ఆయన జవాబు రాయలేదు.

మరునాడు పొద్దున కొత్త మూట కట్టాను. అడగకుండా తుడిచేయమన్న వరుసను తీసేశాను. నడిపిస్తే మిషన్ మళ్లీ అదే మాట అంది. ఫోల్డరు ఖాళీగా లేదు, తీయను. ఈసారి దాన్ని అననిచ్చాను. అని, ఆగి, మనిషిని అడిగేలా రాశాను.

తొమ్మిదింటికి మైసన్న వచ్చాడు. చేతిలో గంగామణి రాసిన చీటీ ఉంది. విప్పి చదివాను.

'అక్కా, మూడు గొట్టినంక కరెంటు వచ్చింది. మిషన్ చానాసేపు దాని కడుపుల అదే దేవులాడుకున్నది. పుస్తకం ఉన్నది. 3,418 మంది లెక్కకు సరిపోయిన్రు. ఎంకయ్య మనుమరాలిని 3,419 రాసిన. నా చెయ్యి మంచిగున్నది, ఫికర్ చెయ్యకు. అవ్వ అడుగుతున్నది, బాయి ఆయనది దొరికిందా అని.'

సంతోషంతో ఏడుపొచ్చింది. ఆఖరి వరుస దగ్గర ఆ ఏడుపే ఇంకో రకంగా మారింది.

"జవాబేమన్న ఉన్నదా అక్కా? బస్సు టైం అయితున్నది," అన్నాడు మైసన్న.

ఖాలాకు చదువు రాదు. నేనేం రాసినా గంగామణి ఆమె ముందు పైకి చదవాలి. చీటీ వెనక్కి తిప్పి రాశాను. 'దొరకలేదు ఖాలా. మూయాల్నా అని ఆయన నన్ను అడిగిండు. నేను చదవలేదు.'

మడిచి మైసన్న చేతికిచ్చాను.